ఐ.ఏ. తేలేలోపు ఐదేళ్లు నిండాయి

మా పిన్ని కూతురు తన కొడుకు కస్టడీ కోసం ఫ్యామిలీ కోర్టులో ఓ.పి. (అసలు పిటిషన్) వేసినప్పుడు, వాయిదాలకు తోడు వెళ్లే పని నా మీద పడింది. అప్పటికి నాకు తెలిసిన చట్టమంతా ఒక్క ముక్కే: ఐదేళ్లలోపు పిల్లలు తల్లి దగ్గరే ఉంటారు. బంధువులందరూ ఆ మాటే చెప్పి చెల్లికి ధైర్యమిచ్చారు. కేసు వేసేనాటికి బాబుకు నాలుగేళ్ల మూడు నెలలు. తండ్రి, నానమ్మ, తాతయ్యల దగ్గర ఉంటున్నాడు.

ఆ మాట 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరవ సెక్షన్‌లో ఉన్నదే కానీ, దానికి ముందు ‘సాధారణంగా’ అనే పదం కూడా ఉంది. అదే సెక్షన్ మైనరుకు సహజ సంరక్షకుడిగా మొదట తండ్రిని, ఆయన ‘తరువాత’ తల్లిని పేర్కొంటుంది. ఆ ‘తరువాత’కు తండ్రి మరణించాక అని మాత్రమే అర్థం చెప్పుకోకూడదని, తండ్రి ఏ కారణం చేతనైనా బిడ్డ బాగోగులు చూడని స్థితిలో తల్లే సహజ సంరక్షకురాలని సుప్రీంకోర్టు 1999లో వివరించవలసి వచ్చింది. కొడుకు పేరిట రిజర్వు బ్యాంకు బాండ్ల కోసం ఒక తల్లి పెట్టుకున్న దరఖాస్తు ఆ తీర్పుకు మూలం. అయితే పదమూడవ సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి ఈ వరుసక్రమాలన్నీ వెనక్కి పోతాయి. అక్కడ మైనరు సంక్షేమమే అన్నింటికన్నా ముఖ్యం. పిల్లలు తల్లిదండ్రుల ఆస్తీ కారు, ఆటబొమ్మలూ కారన్న భావాన్ని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది.

సంక్షేమాన్ని దేనితో కొలుస్తారన్నది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో ఉంది. బిడ్డ వయసు, ఆడో మగో, మతం, సంరక్షణ కోరేవారి నడవడి, స్తోమత, బంధుత్వం చూడాలంటుంది పదిహేడవ సెక్షన్. తెలిసి చెప్పగల వయసుంటే బిడ్డ ఇష్టాన్నీ పరిగణించవచ్చు. అందుకే జడ్జిగారు పిల్లలను చాంబర్‌లోకి పిలిచి విడిగా మాట్లాడతారు. సంపాదన ఒక్కటే చూసి బిడ్డను అప్పగించరు. అలాగని అఫిడవిట్లలో రాసిన తిట్లను బట్టీ తేల్చరు. అఫిడవిట్లు చదివితే ఇద్దరూ రాక్షసులే అనిపిస్తారు. మా బావ రాక్షసుడేమీ కాదు, ఆ సంగతి చెల్లికీ తెలుసు.

చట్టం ఇంత జాగ్రత్తగా రాసి ఉన్నా, మా కేసును అసలు నడిపించింది కాలమే. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ముందు రాజీకి ప్రయత్నించమంటుంది. అందువల్ల మొదటి కొన్ని నెలలు కౌన్సెలర్ గదిలోనే గడిచాయి. ఆ చట్టం ప్రకారం వకీలును పెట్టుకోవడం హక్కు కాదు కాబట్టి, ఆ అనుమతి కోసమూ ఒక పిటిషన్ వేశాము. నోటీసు అందలేదని ఒకసారి, అవతలివారు కౌంటర్ (రాతపూర్వక జవాబు) దాఖలు చేయలేదని రెండుసార్లు, జడ్జిగారు బదిలీ అయ్యారని మరోసారి వాయిదా పడింది. మధ్యంతర కస్టడీ కోసం వేసిన ఐ.ఏ. (అసలు కేసు తేలేలోపు వేసే మధ్యంతర దరఖాస్తు) మీద ఉత్తర్వు వచ్చేనాటికి బాబుకు ఐదేళ్ల ఐదు నెలలు. ఏ నిబంధనను నమ్ముకుని కోర్టు మెట్లెక్కామో, దాని గడువు వాయిదాల్లోనే తీరిపోయింది. పైగా ఈలోగా వాడు తండ్రి ఊళ్లో బడిలో చేరి, స్నేహితులను సంపాదించుకుని స్థిరపడ్డాడు కనుక ఇప్పుడు కదిలించడం వాడికి మంచిది కాదని ఉత్తర్వులో రాశారు. ఆ రోజు వాడిని చూసిన ఎవరైనా అలాగే రాసేవారు. కానీ ఆ స్థిరత్వం కోర్టు తీసుకున్న పదునాలుగు నెలల్లో ఏర్పడింది. ఐ.ఏ.ను మొదటి రెండు నెలల్లో తేల్చకపోతే, ఆ రోజు బిడ్డ ఎవరి ఇంట్లో ఉన్నాడన్నదే సగం తీర్పు అవుతుందని నా అభిప్రాయం.

చెల్లికి దక్కింది విజిటేషన్: నెలలో రెండు శనివారాలు, ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు, కోర్టు ఆవరణలోనే పిల్లల గదిలో. రంగు వెలిసిన ఒక జారుడుబల్ల, నాలుగు కుర్చీలు ఉండేవి. మొదటి శనివారం వాడు ఆమెను ‘మీరు’ అన్నాడు. కస్టడీ లేని తల్లి లేక తండ్రి రోజూ కనీసం అయిదు పది నిమిషాలైనా బిడ్డతో మాట్లాడే వీలుండాలని, వీడియో కాల్‌తోనైనా ఆ బంధం నిలపాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను మా వకీలు తరువాతి ఐ.ఏ.లో పెట్టారు. అది మాత్రం త్వరగానే మంజూరైంది.

అమెరికా నుంచి పిల్లలను తీసుకుని హైదరాబాదు వచ్చేసి ఇక్కడ కేసు వేయవచ్చా అని ఒక బంధువు నన్నడిగారు. బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టుకే ఆ అధికారం అంటుంది 1890 చట్టం; ఇలా దేశం దాటించిన పిల్లలను తిరిగి పంపడానికి ఉద్దేశించిన 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరకపోయినా, సరిగ్గా అలా వచ్చిన ఒక తెలుగు కుటుంబం కేసులో పిల్లలను తిరిగి అమెరికా పంపమనే 2019లో సుప్రీంకోర్టు ఆదేశించింది. బిడ్డను కొడుతున్నారు, వదిలేశారు అన్న ఫిర్యాదుల దారి వేరు. అవి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్తాయి.

కస్టడీ ఉత్తర్వు ఏదీ శాశ్వతం కాదు, పరిస్థితులు మారితే మళ్లీ అడగవచ్చు. బాబుకు ఇప్పుడు ఏడేళ్లు. చెల్లిని ‘నువ్వు’ అంటున్నాడు. వేసవి సెలవుల్లో నెల రోజులు తన దగ్గర ఉంచాలని ఆమె వేసిన ఐ.ఏ. వచ్చే గురువారం వాయిదాకు ఉంది. బావ ఈసారి కౌంటర్ వేయనన్నాడట.