సంతకం లేని పేజీల్లో బాబ్ పావెల్

జనవరి 11

ఇవాళ్టి పార్సెల్‌తో నా దగ్గర బేబ్ రూత్ స్పోర్ట్స్ కామిక్స్ అనే పాత అమెరికన్ బొమ్మల పత్రిక సంచికలు అయిదయ్యాయి. మొత్తం వచ్చినవే పదకొండు. 1949 ఏప్రిల్‌లో మొదలై 1951 ఫిబ్రవరితో ఆగిపోయింది. వేసింది హార్వీ వాళ్ళు, తర్వాతి కాలంలో కాస్పర్‌తో, రిచీ రిచ్‌తో మన పిల్లలకి కూడా తెలిసిన సంస్థ.

బేబ్ రూత్ ఎవరో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. క్రికెట్‌కి బ్రాడ్‌మన్ ఎంతో బేస్‌బాల్‌కి రూత్ అంత. 714 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి), అందులో 1927 సీజన్ ఒక్కదాంట్లోనే 60. వాళ్ళిద్దరూ 1932లో న్యూయార్క్‌లో కలుసుకున్నారు కూడా. రూత్ 1948 ఆగస్టు 16న పోయారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే ఆయన పేరు అట్ట మీద పెట్టి ఈ పుస్తకం దించారు. ఆటల కామిక్స్‌కి అప్పుడు గిరాకీ బాగా ఉంది. అదే 1949లో కామిక్స్ చిత్రకారుడు విల్ ఐస్‌నర్ బేస్‌బాల్ కామిక్స్ అని ఒకటి మొదలుపెడితే ఒక్క సంచికతో ఆగింది. ఫాసెట్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ పేరుతో పుస్తకాలు తెచ్చారు.

నేను వెతుకుతున్నది మాత్రం రూత్‌ని కాదు, లోపల బొమ్మలు వేసిన బాబ్ పావెల్‌ని. రెండేళ్ళ క్రితం ఇక్కడ న్యూజెర్సీలో ఒక ఆదివారం సంతలో అట్ట ఊడిపోయిన సంచిక ఒకటి 6 డాలర్లకి దొరికింది. ఒక పేజీ తిప్పగానే, ఈ చేతిని నేనెక్కడో చూశానే అనిపించింది. చూసింది మార్స్ అటాక్స్ అనే బొమ్మల కార్డుల్లో, అంగారకవాసులు భూమి మీద దాడి చేసే కథ. టాప్స్ వాళ్ళు 1962లో వేసిన ఆ కార్డులకి పెన్సిల్‌తో బొమ్మ గీసే పని ఈయనదే. అప్పట్నుంచి పట్టుకున్నాను.

పావెల్ 1916లో బఫలోలో పుట్టారు. పోలిష్ కుటుంబం, ఇంటిపేరు పావ్లోవ్‌స్కీ. ప్రాట్ ఇన్‌స్టిట్యూట్ అనే కళాశాలలో చదివి ఐస్‌నర్, ఐగర్ల కామిక్స్ స్టూడియోలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వైమానిక దళంలో పనిచేసి వచ్చాక సొంతంగా స్టూడియో పెట్టుకున్నారు. ఆయన బొమ్మలు వేసిన కామిక్స్ ఎన్నో: షీనా, మిస్టర్ మిస్టిక్, షాడో, డాక్ శావేజ్, కేవ్ గర్ల్, హార్వీ దయ్యాల పుస్తకాలు, చివర్లో మార్వెల్ డేర్‌డెవిల్. చెప్పుకుంటూ పోతే ఈ పేజీ చాలదు. 1967లో పోయేనాటికి 51 ఏళ్ళు కూడా నిండలేదు.

నా పని ఇదీ: పదకొండు సంచికలూ సంపాదించడం, ప్రతి పేజీ స్కాన్ చేయడం, ఏ పేజీ పావెల్‌దో ఏది కాదో ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోవడం. అప్పటి కామిక్స్‌లో ఎవరు వేశారో చాలావరకు అచ్చు వేసేవాళ్ళు కాదు. సంతకం కనిపిస్తే కనిపించినట్టు, లేకపోతే కంటితోనే పోల్చుకోవాలి.

జనవరి 19

స్కానింగ్ ఒక దారికి వచ్చింది. ఇదే పని చేసేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), 24 బిట్ కలర్, టిఫ్ ఫైలు. పేజీ ఏడున్నర అంగుళాల వెడల్పు, పదింబావు ఎత్తు. అంటే 4500 × 6150 పిక్సెళ్ళు, ఒక్కో పేజీ దాదాపు 83 ఎంబీ. పన్నెండు పేజీలకే ఒక జీబీ అవుతుంది, డిస్క్ ముందే చూసుకోండి. 300 డీపీఐతో తీస్తే రంగుచుక్కల మీద అలలు అలలుగా గీతలు పడ్డాయి. అవన్నీ పారేసి మళ్ళీ తీశాను.

పేజీ వెనక నల్ల కాగితం పెట్టాలి. న్యూస్‌ప్రింట్ పల్చన కాబట్టి, స్కానర్ మూత తెల్లగా ఉంటే వెనకవైపు బొమ్మ ఇవతలికి కనబడుతుంది. మూత బరువు పుస్తకం వెన్ను మీద పడనివ్వకూడదు. స్కానర్ తనంతట తాను రంగులు సరిచేసే ఆప్షన్లన్నీ ఆపేయాలి.

ఇంకో చిట్కా. పావెల్ చేతి పని నల్ల గీత ఒక్కటే. బోర్డు మీద అచ్చుకి దాదాపు రెట్టింపు సైజులో నల్ల ఇంకుతో వేసి ఇచ్చేసేవారు. రంగులు వేరేవాళ్ళు నిర్ణయిస్తే, బ్లాకులు చేసే చోట ఇంకెవరో వాటిని చుక్కలుగా విడగొట్టేవారు. కాబట్టి ఆయన గీత చూడాలంటే రంగు తీసేయాలి. గింప్ అనే ఫోటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్‌లో పేజీని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలుగా విడగొట్టి, మూడిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, పైరెండు పొరల్నీ 'లైటెన్ ఓన్లీ' మోడ్‌కి మార్చండి. ఏ రంగు ఇంకైనా మూడు పొరల్లో కనీసం ఒకదాంట్లో వెలుతురుగా ఉంటుంది. నలుపు ఒక్కటే మూడిట్లోనూ నల్లగా ఉంటుంది. కాబట్టి రంగులన్నీ వెలిసిపోయి గీత మిగులుతుంది. పాతబడి పసుపెక్కిన కాగితం కూడా తెల్లబడుతుంది.

మొదటిసారి ఇలా చేసిన పేజీలో బంతి విసిరేసి ముందుకు తూలుతున్న పిచర్ ఉన్నాడు. రంగుల్లో చూసినప్పుడు ఎరుపు రంగు అచ్చు ప్లేటు దాదాపు ఒక మిల్లీమీటరు పక్కకి జరిగిపోయి, టోపీ ఎరుపంతా ఆకాశంలోకి కారినట్టుంది. మొహం చుట్టూ మసక. రంగు తీసేశాక చూస్తే మోచేతి నుంచి మణికట్టు దాకా చొక్కా చేతి మీద అయిదే అయిదు కుంచె గీతలు. ఒక్కోటీ లావుగా మొదలై, వెంట్రుకంత సన్నబడి, చెయ్యి తిరిగిన వైపే తిరిగి ఆగింది. ఆ అయిదింటితోనే భుజం బరువంతా ముందుకొచ్చిందని తెలుస్తోంది. రాత్రి పదకొండున్నర దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 2

పోల్చుకోవడం ఎలా అని ఒక మిత్రుడు అడిగాడు. చిన్నప్పుడు చందమామ చదివినవాళ్ళకి ఇది కొత్త విద్య కాదు. సంతకం మీద వేలు పెట్టి దాచినా ఇది చిత్రా బొమ్మ, ఇది శంకర్ బొమ్మ అని చెప్పేసేవాళ్ళం. గీత నడక కంటికి అలవాటైపోయింది, అంతే.

ఇక్కడా అదే పద్ధతి. ముందుగా పావెల్ సంతకం ఉన్న కథలు, ఆటలవే కాకుండా వేరే పుస్తకాల్లోవి కూడా, ఒకచోట చేర్చాను. వాటినే కొలబద్దగా పెట్టుకున్నాను. నేను ముఖ్యంగా చూసేది బట్టల మడతలు. అప్పటి బేస్‌బాల్ యూనిఫారాలు ఉన్ని ఫ్లానెల్‌వి, వదులుగా వేలాడుతుండేవి. వాటిని గీయడంలో ఒక్కొక్కరి చేయి ఒక్కో రకంగా బయటపడుతుంది. కొందరు మడతల్ని సన్నగీతలతో నింపేస్తారు. పావెల్ అయితే నల్లటి ముద్ద ఒకటి పెట్టి దాని అంచుని ఈకలా చీలుస్తారు. ఆ తర్వాత వేళ్ళ కణుపులు, బ్యాటుని పట్టుకున్న పట్టు.

అందరూ ఆయన దయ్యాల కథల్ని మెచ్చుకుంటారు. నాకు ఈ ఆటల పేజీలే ఎక్కువ ఇష్టం. దయ్యం ఎలా కదిలినా అడిగేవాడుండడు. రెండో బేస్‌లోకి జారుతున్న మనిషి తుంటి ఎటు వాలాలో మాత్రం ఆ ఆట ఆడే ప్రతి కుర్రాడికీ తెలుసు. అక్కడ తప్పు దొరక్కుండా, అదీ నెలకి అన్ని పేజీల ఒత్తిడిలో, గీయడం సామాన్యమైన పని కాదు.

ఫిబ్రవరి 16

మరమ్మతు మొదలుపెట్టాను. ఒక సంచికలో నాలుగు పేజీలకి వెన్ను దగ్గర చిరుగులు. సెల్లో టేపు పొరపాటున కూడా వాడకండి. దాని జిగురు కొన్నేళ్ళకి గోధుమరంగు మరకై కాగితంలోకి దిగిపోతుంది, ఇక పోదు. సరైనది జపాన్ కోజో టిష్యూ (చెట్టు నారతో చేసిన పల్చటి కాగితం), గోధుమ స్టార్చ్ జిగురు.

అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. వంటింట్లో గిన్నె పెట్టుకుని కలుపుతుంటే వచ్చి చూసింది.

"ఏరా, మైదా ఉడకబెట్టుకుంటే పోయేదానికి ఈ పొడి దేనికి? మీ నాన్నగారు మీ పుస్తకాలకి అట్టలన్నీ మైదా జిగురుతోనే వేసేవారుగా."

"మైదాలో సాగే పదార్థం ఒకటుంటుందమ్మా. అది ఉంటే తర్వాత పసుపెక్కుతుంది, పురుగూ పడుతుంది. దాన్ని కడిగేసి ఒట్టి పిండి మాత్రమే తీసింది ఇది."

అమ్మ వేలితో ముట్టుకుని చూసింది. "అంటే హల్వాకి తీసే గోధుమపాలేగా! పైన తేటంతా ఒంపేస్తే అడుగున మిగిలేది ఇదే."

నిజంగా అదే. ఆ తర్వాత గరిటె నా చేతికివ్వలేదు. ఒక వంతు పొడి, అయిదు వంతుల నీళ్ళు, ఒక గంట నానాక సన్నటి సెగ మీద 25 నిమిషాలు ఆపకుండా తిప్పాలి. పాలలా ఉన్నది చిక్కబడి, తెలుపు పోయి గాజులా అవుతుంది. ఎప్పుడు దించాలో నేను ఫోన్‌లో టైమర్ చూస్తుంటే, గరిటెకి అంటుకోకుండా జారడం చూసి అమ్మ ముందే దించేసింది. చల్లారాక సన్న జల్లెడలో మూడుసార్లు వత్తాను. ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటుంది, వాసన మారితే పారేయడమే.

టిష్యూని కత్తిరించకూడదు, తడిగీత గీసి చింపాలి. అప్పుడే అంచు పీచుపీచుగా వచ్చి కాగితంలో కలిసిపోతుంది. జిగురు పల్చగా రాసి, చిరుగు మీద వేసి, పైన పాలియెస్టర్ గుడ్డ, బ్లాటింగ్ పేపర్, దాని మీద బరువు. రాత్రంతా అలా వదిలేయాలి.

మొదటి పేజీలో జిగురు మరీ నీళ్ళగా అయింది. తెల్లారి చూస్తే తడి ఆగిన చోట గోధుమరంగు గీత, కాగితంలోని ముదురు రంగంతా అక్కడికి చేరి కట్టుకుంది. ఆ పేజీకి ఆ మరక ఇక ఉండిపోయినట్టే. చాలా బాధేసింది. మిగతా మూడింటికీ కుంచెని బ్లాటింగ్ మీద ఒకసారి ఒత్తాకే రాశాను. శుభ్రంగా వచ్చాయి.

ఎప్పుడైనా అమ్మదలిస్తే ఈ మరమ్మతు సంగతి కొనేవాళ్ళకి చెప్పి తీరాలి. కాబట్టి ఏ పేజీకి ఏ తేదీన ఏం చేశానో ఒక చీటీ రాసి పుస్తకంతో పాటే పెడుతున్నాను.

మార్చి 1

నా లెక్కలో ఆరో సంచిక వచ్చింది. చేతికొచ్చాక లెక్కపెడితే మధ్య షీటు లేదు. మధ్య షీటు అంటే నాలుగు పేజీలు, ఒక కథ ఆయువుపట్టు. అమ్మినతను సగం డబ్బు వెనక్కిచ్చాడు గానీ నాకు కావలసింది ఆ పేజీలు. ఇకమీదట కొనేముందు పిన్నులు కనిపించేలా మధ్య షీటు ఫోటో అడుగుతాను. పేజీలు లెక్కపెట్టి చెప్పమంటాను. అట్ట వెనక కూపన్ కత్తిరించారేమో కూడా అడగాలి, కూపన్ ఎక్కడ పోతే దాని వెనకవైపు బొమ్మ కూడా అక్కడ పోతుంది.

అయితే ఈ సంచికలోనే, అట్ట లోపలివైపు, పెన్సిల్‌తో నిలువు గీతలు కనబడ్డాయి. నాలుగు గీతలు, అడ్డంగా ఒకటి, మళ్ళీ నాలుగు. పక్కన రెండు పొడి అక్షరాలు. ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు ఆడుకుంటూ స్కోరు రాసుకున్నట్టున్నారు. 19, 14. రబ్బరుతో తుడిచే పనులన్నీ ఆ పేజీ దగ్గర ఆపేశాను.

మార్చి 15

ఈ స్కాన్లు అందరికీ ఇవ్వొచ్చా అన్నది తేల్చుకోవాలి. అమెరికాలో 1964కి ముందు అచ్చయినవాటికి 28వ ఏట కాపీరైట్ హక్కుని పునరుద్ధరించుకోవాల్సి ఉండేది, లేకపోతే హక్కు పోయినట్టే. 1949 సంచికలకి 1976, 1977 నమోదులు చూడాలి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళ పునరుద్ధరణల వెతుకుడు పట్టికలో పుస్తకాలే ఉంటాయి, పత్రికలు ఉండవు. అక్కడ దొరకలేదు కదా అని హక్కు లేదనుకోవడం పొరపాటు. కాపీరైట్ కేటలాగుల్లో పత్రికల భాగాలు తెరిచి, పేరు వరసన ఒక్కొక్కటీ చూస్తున్నాను. అది పూర్తయ్యేదాకా స్కాన్లు నా డిస్క్‌లోనే ఉంటాయి.

మార్చి 29

షీట్‌లో ఒక పెద్ద మార్పు చేయాల్సి వచ్చింది. ఇన్నాళ్ళూ రెండే గడులు పెట్టుకున్నాను: పావెల్, పావెల్ కాదు. రంగు తీసేసిన పేజీలు వరసగా పెట్టి చూస్తుంటే అది నిలబడటం లేదు. ఒక పేజీలో ముందున్న ఆటగాడు ఖచ్చితంగా ఆయనే. వెనక ప్రేక్షకుల గ్యాలరీ గీత మాత్రం బిగుసుకుపోయి, వేరే చేయి నడిచినట్టుంది. ఇంకో పేజీలో కూర్పు ఆయనది, మొహాల మీద ఇంకు కాదు.

పావెల్ స్టూడియోలో సహాయకులు ఉండేవారు. జార్జ్ సీఫ్రింగర్ వెనక దృశ్యాలు వేసేవారు. మార్టిన్ ఎప్ పెన్సిల్ గీత మీద ఇంకు పని, మాటల బుడగల్లో అక్షరాలు, కొంత వెనక దృశ్యాలు కూడా. హోవర్డ్ నోస్ట్రాండ్ అక్షరాలతో మొదలుపెట్టి ఇంకు దాకా, చివరికి పెన్సిల్ దాకా వచ్చారు. ఒక్క మనిషి ఇన్ని పేజీలు ఎలా వేశాడా అని నేను ఆశ్చర్యపోతున్న చోటల్లా ఈ ముగ్గురూ ఉండి ఉండొచ్చు. 1951 జనవరిలో హార్వీ వాళ్ళు విచెస్ టేల్స్ అనే దయ్యాల పత్రిక మొదలుపెట్టారు. మరుసటి నెలతో బేబ్ రూత్ ఆగింది. ఆ చేతులే ఆటల నుంచి దయ్యాల్లోకి మళ్ళాయి.

అందుకని గడులు నాలుగు చేశాను: పెన్సిల్, ఇంకు, వెనక దృశ్యం, అక్షరాలు. పేరు రాసిన ప్రతిచోటా ఎందుకలా అనుకుంటున్నానో ఒక వాక్యం. రూఢి కానిచోట ప్రశ్నార్థకం. ఇప్పటికి పావెల్ అని తేల్చేసిన పేజీలన్నీ మళ్ళీ మొదటి సంచిక నుంచి చూడాలి. ఎప్, సీఫ్రింగర్ చేతుల్ని విడిగా పట్టుకోవడానికి వాళ్ళ పనికి కొలబద్ద ఇంకా దొరకలేదు, నోస్ట్రాండ్‌కి మాత్రం ఉంది. 1952లో పావెల్ స్టూడియో నుంచి బయటికొచ్చాక ఆయన హార్వీకే సొంతంగా వేసిన దయ్యాల కథలు. వాటిలో రెండు సంచికలు తెప్పిస్తున్నాను, మధ్య షీటు ఫోటో అడిగాకే.