మహబూబ్‌నగర్‌ల కూసొని నల్లగొండ డెస్క్‌టాప్ మీద పెండ్లి కార్డులు దిద్దుతున్న – నా అనుభవం

మా అన్నకు నల్లగొండ క్లాక్‌టవర్ దిక్కు డీటీపీ షాపుంది. పెండ్లి కార్డులు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు దిద్దే సాఫ్ట్‌వేర్‌ల, అను అనే పాత తెలుగు ఫాంట్లతోనే. ప్రూఫులు దిద్దేది నేనే, మహబూబ్‌నగర్‌కు మారినంక కూడా ఆ పని ఇడిసిపెట్టబుద్ధి కాలే. నా ల్యాప్‌టాప్‌ల ఉన్నది ఉబుంటు (విండోస్ కాదు, లినక్స్), షాపుల ఉన్నది విండోస్ 10 హోమ్, ఫైలు తెప్పించుకున్నా నా దాంట్ల తెరుసుకోదు, అందుకే ఆ కంప్యూటర్ లోపలికే పోవాలె అనుకున్నం.

ముందు నెట్‌దే పంచాయితీ. అన్నతోని రూటర్ పేజీ తెరిపిచ్చి చూస్తే వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ రూటర్‌కు ఇచ్చే అడ్రస్) 100.70తోని మొదలైతుంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నయంటే అది సీజీనాట్, ఒక్క పబ్లిక్ ఐపీని నెట్ కంపెనీ శానమందికి పంచుతది, బయట నుంచి మన రూటర్ దాకా తొవ్వనే ఉండదు, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయట నుంచి వచ్చేదాన్ని రూటర్ లోపలి కంప్యూటర్‌కు పంపే సెట్టింగ్) పెట్టినా దండగే. తొవ్వ ఉన్నోళ్లు గూడ రిమోట్ డెస్క్‌టాప్ (ఆర్‌డీపీ, దూరం నుంచి విండోస్ కంప్యూటర్ నడిపే పద్ధతి) వాడే 3389 పోర్టును నెట్‌కు తెరిచి పెట్టకుండ్రి, దయచేసి. ఆ పోర్టు ఎక్కడ తెరిచుందో ఎతికే ప్రోగ్రాములు రాత్రింబగళ్లు తిరుగుతనే ఉంటయి, 2019ల బ్లూకీప్ అని బయటపడ్డ లోపమైతే విండోస్ 7 అసొంటి పాత విండోస్‌లల పాస్‌వర్డ్ లేకుంటనే లోపలికి రానిచ్చేది. మేం రెండు దిక్కుల టెయిల్‌స్కేల్ అనే ప్రైవేట్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ఏసినం, ఒకే అకౌంట్‌తోని లాగిన్ అయితే రెండు కంప్యూటర్లు ఒకే ఇంట్ల ఉన్నట్టు కనవడ్డయి. అది ఇచ్చే అడ్రస్ గూడ 100తోనే మొదలైతది, రూటర్‌ల దానితోని కలిపి పరేషాన్ కావొద్దు.

విండోస్ హోమ్‌ల నుంచి వేరే కంప్యూటర్‌కు రిమోట్ డెస్క్‌టాప్‌తోని పోవచ్చు గానీ అది తన లోపలికి రానియ్యదు. అందుకని మొదట షాపుల వీఎన్‌సీ (అక్కడి తెరను ఉన్నదున్నట్టు దూరం దాకా చూపిచ్చే పద్ధతి) సర్వర్ పెట్టి, నా ఉబుంటుల ఉన్న రెమ్మినా అనే రిమోట్ ప్రోగ్రాంతోని కలిసిన. తెర వచ్చింది, మౌస్ నడిచింది, అను కీబోర్డుల టైప్ చేస్తే మాత్రం కొన్ని ఒత్తులు ఎటో పోతున్నయి. వీఎన్‌సీ ఏ అక్షరం కొట్టినమో అది పంపుతది, ఆర్‌డీపీ ఏ మీట నొక్కినమో ఆ మీట నంబరే పంపుతది, తేడా అక్కడుంది. పెండ్లికొడుకు పేరుల ఒత్తు పోతే ఎవరూరుకుంటరు, అన్న ఆర్‌డీపీతోని లోపలికి రానిచ్చే విండోస్ ప్రో లైసెన్స్ కొన్నడు.

అయినా లాగిన్ కాలే, ఎందుకంటే షాపు కంప్యూటర్‌కు పాస్‌వర్డే లేదు, పాస్‌వర్డ్ లేని అకౌంట్‌ను విండోస్ దూరం నుంచి రానియ్యదు. పిన్ గూడ పనికిరాదు, అసలు పాస్‌వర్డే కావాలె. పెట్టినంక రెమ్మినాల ఆర్‌డీపీతోని పోతే ఒత్తులన్నీ చక్కగ పడ్డయి, ఆ రోజు మస్తు సంబురమైంది.

తెల్లారి అన్న ఫోన్. "తమ్మీ, నువ్వు వచ్చుడుతోనే ఈడ తెర లాకయితుంది, గిరాకీ ముందల కూసున్నడు, ఏం చూపియ్యాలె?" అది నిజమే, ఆర్‌డీపీల ఒక్కరే ఉంటరు, నేను లోపలికి పోతే అక్కడోళ్లు బయటికే. వీఎన్‌సీల ఇద్దరికీ ఒకే తెర కనవడ్తది. అందుకే రెండూ ఉంచుకున్నం: పొద్దుగాల గిరాకీ అన్న పక్కన కూసొని "ఈ లైన్ పైకి జరుపు" అంటే వీఎన్‌సీ, రాత్రి షాపు బందయినంక ఎక్కువ టైపింగ్ ఉంటే ఆర్‌డీపీ.

ఒకటి మాత్రం యాదికుంచుకోండ్రి, అనుల టైప్ చేసింది ఉబుంటుల పేస్ట్ చేస్తే ఇంగ్లీషు పిచ్చి అక్షరాలొస్తయి, అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లల ఒకే తీరు కనవడే అక్షరాల పద్ధతి) కాదు గనక, కాపీ అక్కడిదక్కడే చేసుకోవాలె. ఇంక కరెంటు పోయొస్తే కంప్యూటర్ దానంతట అదే లేవాలంటే బయోస్‌ల (విండోస్ కంటే ముందు తెరుసుకునే సెట్టింగుల పేజీ) కరెంటు రాంగనే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటది, అది పెట్టిచ్చిన, స్లీప్‌ను 'నెవర్' చేసిన, టెయిల్‌స్కేల్‌ల గూడ ఎవ్వరు లాగిన్ కాకున్నా నడిచే ఆప్షన్ టిక్ చేసిన. రాత్రిపూట తాళం ఏసున్న షాపుల కంప్యూటర్ బటన్ నొక్కెటోళ్లు ఎవరుంటరు.