పెరటి గోడ మీది గ్లాసు

2023లో వానలు వెనకబట్టాక మొదలైంది దగ్గు. నేను టీచర్ని. సుద్దముక్క పొడి పడలేదేమో అనుకున్నాను. వీధి చివరి డాక్టరు ఒక సిరప్పు రాశారు, తగ్గలేదంటే ఇంకోటి రాశారు. అలా ఐదు వారాలు పోయాయి. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. తెల్లవారుజామున చెమటకి దిండు తడిసిపోయేది. 49 కిలోలుండేదాన్ని 43కి వచ్చాను. రెండు వారాలు దాటి దగ్గుంటే కళ్ళె పరీక్ష చేయించుకోవాలన్న సంగతి అప్పుడు నాకు తెలియదు. మీకు తెలియాలని రాస్తున్నాను. చివరికి శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో పరీక్ష చేసి టీబీ అన్నారు.

రోజూ పరగడుపున మూడు బిళ్ళలు, ఆరు నెలలు. మొదటి రెండు నెలలు ఒక్కో బిళ్ళలో నాలుగు మందులు కలిపి ఉండేవి, తరవాత మూడు. మొదటి రోజు మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమనుకుని బాత్‌రూంలోనే కూలబడ్డాను. అది మందు రంగేనని ఆశా కార్యకర్త చెప్పేదాకా గుండె దడ తగ్గలేదు. అన్నం చూస్తే కడుపులో తిప్పేది. చోడి అంబలి ఒక్కటే నిలిచేది. పోషణకని ప్రభుత్వం నెలకి 500 రూపాయలు బ్యాంకులో వేసేది, వాటితో గుడ్లు కొనుక్కునేదాన్ని.

ఇవన్నీ ఓర్చుకున్నాను. చదవలేకపోవడం ఓర్చుకోలేకపోయాను.

మా ఊళ్ళో కథానిలయం ఉంది. తెలుగు కథలన్నీ ఒక్కచోట దొరకాలని కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన గ్రంథాలయం. ఖాళీ ఉన్న ఆదివారాలు అక్కడే గడిపేదాన్ని. చదివిన ప్రతి కథ పేరూ నోటుపుస్తకంలో రాసుకుని పక్కన టిక్కు పెట్టేదాన్ని. ఇన్ని కథలు చదివాను కాబట్టి మనుషుల కష్టం నాకు తెలుసని గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం మీదే నా బతుకంతా నిలబడినట్టుండేది.

జ్వరంలో అక్షరాలు అలికినట్టయ్యేవి. ఒకే పేరా నాలుగుసార్లు చదివి, ఏం చదివానో తెలియక పుస్తకం మూసేసేదాన్ని. అది చూసి ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, "నేను చదువుతాలే అమ్మా" అంది. నేను కిటికీ పక్కన మాస్కుతో, తను మాస్కు పెట్టుకుని గుమ్మం అవతల. ఇంగ్లీషు మీడియం పిల్ల. వత్తుల దగ్గర ఆగి, కూడబలుక్కుని, ఒక కథకి మూడు సాయంత్రాలు పట్టేది.

అప్పటికే మా అత్తగారు నా కంచం, గ్లాసు విడిగా కిటికీలో పెట్టేశారు. దగ్గినప్పుడు గాలి వల్ల వస్తుందే గాని గిన్నెల వల్ల రాదని డాక్టరుగారు చెప్పినా ఆవిడ భయం పోలేదు. ఆ గ్లాసు చూసినప్పుడల్లా కళ్ళనీళ్ళు తిరిగేవి.

ఒక సాయంత్రం ఏదో పాత కథ చదువుతూ మా అమ్మాయి ఆగింది. "అమ్మా, ఈవిడకి నీళ్ళు దోసిట్లో ఎందుకు పోశారు? గ్లాసు లేదా వాళ్ళింట్లో?"

ఆ కథ నా నోటుపుస్తకంలో ఉంది. రెండుసార్లు చదివాను, రెండు టిక్కులున్నాయి. అయినా నాకు జవాబు రాలేదు. మా పెరటి గోడ గుర్తొచ్చింది. పదేళ్ళ కిందట మా ఇంట్లో పనిచేసిన అప్పకి ఇదే జబ్బు వచ్చింది. ఆవిడ గ్లాసు ఆ గోడ మీద పెట్టించింది నేనే. టీ పైనుంచి పోసేదాన్ని. నెల తిరక్కుండా ఆవిడ పని మానేసింది. నేనేమీ అడగలేదు. ఆ ఆదివారం కూడా కథలు చదువుకోవడానికి వెళ్ళే ఉంటాను.

ఆ రాత్రి జ్వరం లేదు, నిద్రా లేదు.

మందుల కోర్సు అయిపోయి, కళ్ళె పరీక్షలో ఏమీ లేదని తేలాక, ఆవిడ ఊరు వాకబు చేసుకుని వెళ్ళాను. ఆమదాలవలస దాటి కొంతదూరం. బస్సులో దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబెట్టుకున్నాను.

"ఏటమ్మా, ఇలా సిక్కిపోనావు?" అంటూ మంచం వాల్చింది. చెప్పాను.

"ఎర్రగా ఎల్లిందా నీకూనూ?" అంది వెంటనే. తనకైతే రోజు విడిచి రోజు ఏడేసి బిళ్ళలట, ఆసుపత్రి వాళ్ళ ముందే మింగాలట. కీళ్ళ నొప్పుల గురించీ, ఆకలి మళ్ళీ పుట్టిన రోజు గురించీ ఇద్దరం చాలాసేపు చెప్పుకున్నాం. నా జబ్బు గురించి నేను అంత విప్పి మాట్లాడింది ఆవిడతోనే.

బస్సు వేళయింది. లేచి నిలబడి, "అప్పా, ఆ గ్లాసు..." అన్నాను. ఆపైన గొంతు పెగల్లేదు.

ఆవిడ వాకిట్లో కోళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది.

"తెలుసునమ్మా," అంది. "నాకు అప్పుడే తెలుసును."