యూజీసీ నెట్ సోషియాలజీ: మేధావుల టాపిక్‌లో మార్కులు ఎక్కడ పోతున్నయంటే

నెట్ (కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష) ఫలితాలు వచ్చిన కాన్నుంచి హన్మకొండ తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగేది ఒక్కటే: సమాజశాస్త్రవేత్త కార్ల్ మాన్‌హైమ్‌నూ ఇటలీ మార్క్సిస్టు గ్రాంసీనీ నాలుగుసార్లు తిరగేసినా స్టేట్‌మెంట్ ప్రశ్నలు (ఇచ్చిన వాక్యం ఒప్పో తప్పో చెప్పేటివి) ఎందుకు తప్పుతున్నయని.

తప్పేది తర్జుమా దగ్గర. గ్రాంసీ 'ఆర్గానిక్' మేధావిని నోట్సుల 'సేంద్రియ మేధావి' అని రాసుకుంటం. ఇగ సేద్యం గుర్తొస్తది, 'సహజంగా పుట్టినోడు' అన్న అర్థం తలకెక్కుతది. ఆయన చెప్పింది వేరు. ఒక వర్గం పైకి వస్తూ తన వెంట తయారు చేసుకునే మనుషులు వీళ్లు. పెట్టుబడిదారు వెంట టెక్నీషియన్, అర్థశాస్త్ర నిపుణుడు వచ్చినట్టు. మనుషులందరూ మేధావులే, సమాజంల ఆ పని మాత్రం అందరికీ ఉండదు అని కూడా అన్నడు. ప్రశ్నల ఆ వాక్యం రెండో సగం కోసేసి ఇస్తే దొరికిపోతం.

మాన్‌హైమ్ 'స్వేచ్ఛగా తేలే మేధావులు' అంటే వర్గం లేనోళ్లు కాదు. వేర్వేరు వర్గాల నుంచి వస్తరు, చదువు వాళ్లను కలుపుతది, అందుకే పలు దృక్పథాలను జోడించగలరు. ఆ మాట ఇంకో సమాజశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెబర్ నుంచి తీసుకున్నది. మాన్‌హైమ్ పుస్తకం 'ఐడియాలజీ అండ్ యుటోపియా' జర్మన్‌ల 1929, ఇంగ్లిష్‌ల 1936. కాలక్రమం ప్రశ్నకు రెండు ఏండ్లూ పట్టుకోవాలె. మేధావులు తమ ధర్మం తప్పిన్రని రాసిన జూలియన్ బెండా పుస్తకం 1927.

అసలు బలం మేధో చరిత్రతో (భావాలు ఎట్ల పుట్టినయి, ఏం పని చేసినయి అని చూసే చరిత్ర) కలిపి చదివితేనే వస్తది. పేజీ మధ్యల గీత కొట్టి తెలంగాణ కవుల పద్యాలతో సురవరం ప్రతాపరెడ్డి తెచ్చిన 1934 గోలకొండ కవుల సంచిక తీసుకోండి. ఎడమవైపు సమాజశాస్త్రం అడిగేది: అందులోని 354 మంది కవులు ఏ కులం, ఏ బడి, ఎవరి ఆదరణ, గోలకొండ పత్రికతో ఏం సంబంధం? కుడివైపు చరిత్రకారుడు అడిగేది: తెలంగాణల కవులే లేరన్న మాటకు జవాబుగా ఆ సంచిక ఏం పని చేసింది? ఎడమ గడి ఎంత నింపినా కుడి గడికి జవాబు రాదు. ఈ తేడా చేతితో రాస్తేనే పడుతది, గైడ్లు మార్చితే పడదు. దయచేసి ఒక్క పేజీ అయినా రాయండి.

తర్వాత పేర్లు వాటంతట అవే కూర్చుంటయి. బోర్డ్యూ 'ఫీల్డ్' (రచయితలు, మేధావులు స్థానం కోసం పోటీపడే రంగం) ఎడమకు. గురుశిష్యుల, ప్రత్యర్థుల గొలుసులు చూసిన రాండల్ కాలిన్స్, 1998, ఎడమకే. రాత ఆ కాలంల ఏం పని చేసిందో చూడాలన్న చరిత్రకారుడు క్వెంటిన్ స్కిన్నర్, 1969, కుడికి. లవ్‌జాయ్, 'ద గ్రేట్ చెయిన్ ఆఫ్ బీయింగ్' రాసినాయన, 1936, కూడా కుడికే, కానీ స్కిన్నర్ పక్కన కాదు, ఎదురుగా. భావాలు శతాబ్దాలు దాటి నడుస్తయన్న ఆయన పద్ధతినే స్కిన్నర్ కాదన్నది.