తిరుపతిలో నా బీఈడీ: ప్రశ్న అడిగి ఆగడం

బీఈడీ అంటే రికార్డులు రాయడమే అని సీనియర్లు ముందే చెప్పారు. వాళ్ల మాట అబద్ధం కాదు, చేతులు నొప్పి పుట్టేలా రాశాం. అయితే నేను ఇక్కడ చెప్పాలనుకున్నది రికార్డుల కంటే ఎక్కువగా పాఠం చెప్పడం గురించే.

బీఈడీలో చేరడానికి రాసే ఎడ్‌సెట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 150 మార్కుల పేపర్. అందులో 100 మన సబ్జెక్టువి, 25 ఇంగ్లిషు, మిగిలిన 25 జీకే, టీచింగ్ యాప్టిట్యూడ్. డిగ్రీలో ఎంపీసీ చదివినదాన్ని కాబట్టి ఆ పుస్తకాలే మళ్లీ తిరగేశాను. వెబ్ ఆప్షన్లలో తిరుపతి కాలేజీలే ముందు పెట్టుకున్నాను. 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. లైబ్రరీలకు, హాస్టళ్లకు, కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు. పైగా పాకాల నుంచి మా ఇంటివాళ్లు ఎప్పుడైనా వచ్చి చూసి పోవచ్చు.

మా పిన్ని కూడా టీచరే. ఆమె కాలంలో బీఈడీ ఒక్క ఏడాది. టీచర్ల చదువుకు నియమాలు పెట్టే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల తర్వాత, 2015 నుంచి రెండేళ్లయింది. "రెండేళ్లు కూర్చోబెట్టి ఏం చెబుతారే మీకు?" అని అడిగేది. మొదటి సెమిస్టర్ అయ్యేదాకా నాకూ అదే అనుమానం. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే, వైగోట్‌స్కీ, పాఠం నడిపే మెట్లు చెప్పే హెర్బార్ట్ సోపానాలు, నేర్చుకునే లక్ష్యాలను విడదీసే బ్లూమ్ వర్గీకరణ అన్నీ నోట్సులోకి ఎక్కాయి. పిల్లలెవరూ ఎదురుగా లేకుండా పిల్లల మనస్తత్వం చదవడం ఎంతసేపు? నిద్రొచ్చేది.

మైక్రో టీచింగ్ మొదలయ్యాక గానీ కుదురు రాలేదు. పాఠం మొత్తం చెప్పరు. ఒక్క నైపుణ్యం తీసుకుని ఆరు నిమిషాలు చెప్పాలి. ఒకరోజు పాఠ్య ప్రవేశం, ఇంకోరోజు వివరణ, మరోరోజు నల్లబల్ల వాడకం. తోటి ట్రైనీలే పిల్లల్లా కూర్చుంటారు. ఆరు నిమిషాలు బోధన, ఆరు నిమిషాలు లోటుపాట్లు చెప్పడం, పన్నెండు నిమిషాలు పాఠం మార్చి రాసుకోవడం, మళ్లీ ఆరు బోధన, ఆరు సలహాలు. మొత్తం 36 నిమిషాలు. 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పుట్టిన పద్ధతి ఇది.

పాతికేళ్ల వాళ్లం ఎనిమిదో తరగతి పిల్లల్లా నటించడం మొదట్లో నవ్వులాటగానే ఉండేది. ఒకడు కావాలని "మేడమ్, బాత్రూముకు పోయొస్తా" అని లేచేవాడు. కానీ ప్రశ్నించే నైపుణ్యం దగ్గరికి వచ్చేసరికి నవ్వులాట ఆగింది. మా లెక్చరర్ ఒకాయన సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి వెనక కూర్చున్నారు. ప్రశ్న అడిగాక, ఎవరినైనా పేరు పెట్టి పిలిచేలోపు గానీ, మేమే జవాబు అందుకునేలోపు గానీ ఎంతసేపు ఆగుతున్నామో రాసుకున్నారు. మాలో చాలామందికి ఒక్క సెకను కూడా పట్టడం లేదు.

అప్పుడాయన మేరీ బడ్ రో గురించి చెప్పారు. ఆమె అమెరికాలో సైన్సు తరగతులను రికార్డు చేసి గమనించిన పరిశోధకురాలు. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక సెకను దాకా మాత్రమే ఆగుతున్నారని 1970లలో రాసింది. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, "తెలీదు" అనడం తగ్గుతుంది, ఎప్పుడూ నోరెత్తని పిల్లలూ మాట్లాడతారు. మూడు సెకన్లంటే ఏముందిలే అనుకుంటాం. బల్ల ముందు నిలబడి చూస్తే తెలుస్తుంది. గొంతు దాకా వచ్చిన జవాబును మింగుకుని నిలబడాలి.

రెండేళ్లలో స్కూలు అనుభవం మొత్తం 20 వారాలు. అందులో పెద్ద భాగం రెండో ఏడాది చేసే ఇంటర్న్‌షిప్. నాకు చంద్రగిరి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలు వచ్చింది. ఎనిమిదో తరగతి ఫిజికల్ సైన్స్ ఇచ్చారు. పుస్తకం రెండు భాషల్లో ఉంటుంది, ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురుగా అదే పాఠం తెలుగులో. మీడియం ఇంగ్లిషు. పిల్లలు ఇంగ్లిషు పేజీ తెరిచి పెట్టుకుని, కళ్లు మాత్రం తెలుగు పేజీ మీద పెడతారు. నాకైతే అది తప్పనిపించలేదు. ఇంగ్లిషులో అడుగుతాను, జవాబు మీకు వచ్చిన భాషలో చెప్పండి అన్నాను. ఆ స్కూల్లో మా బోధన చూసే గైడ్ టీచరు సార్ కాస్త మొహం చిట్లించారు గానీ కాదనలేదు.

పాఠం ఘర్షణ. లెసన్ ప్లాన్‌లో విద్యార్థి ప్రతిస్పందన అని ఒక గడి ఉంటుంది. పిల్లలు ఏం చెబుతారో మనమే ముందుగా రాసుకోవాలి. ఘర్షణ వల్ల ఉపయోగమేంటి అన్న ప్రశ్న ఎదురుగా "జారిపడకుండా నడవగలం" అని రాసుకున్నాను. క్లాసులో ముందు బెంచీ పిల్ల సరిగ్గా ఆ ముక్కే చెప్పింది. మామూలుగా అయితే "వెరీ గుడ్" అని తర్వాతి ప్రశ్నకు పోవచ్చు. "ఇంకా?" అని ఆగాను. మనసులో మూడు లెక్కపెట్టుకున్నాను. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న పిల్లాడొకడు లేచాడు.

"మా నాయన కొండ మీదికి జీపు తోలతాడు మేడమ్. దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యకూడదంట. గేర్లోనే దిగాలంట. లేకుంటే బ్రేకులు కాలిపోతాయంట."

ఎందుకు కాలతాయి అని అడిగి మళ్లీ ఆగాను. ఇక క్లాసంతా మొదలుపెట్టింది. తిరుమల నుంచి దిగే బళ్లన్నీ 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డులోనే వస్తాయి. బ్రేకుల కమురు వాసన అక్కడి పిల్లలకు ముక్కుకు తెలిసిన విషయం. ఘర్షణ వేడి పుట్టిస్తుందని, బండిని ఆపేదీ బ్రేకును అరగదీసేదీ అదేనని నేను చెప్పకముందే వాళ్లు చెప్పేశారు. గేర్లో ఉంటే ఇంజన్ కూడా బండిని పట్టి ఉంచుతుంది, అందుకే బ్రేకు మీద భారం తగ్గుతుంది అన్నది మాత్రం నేను కలిపాను. ప్లాన్‌లో అనుకున్న క్యారమ్ బోర్డు పౌడరు, బాల్ బేరింగులు మర్నాటికి పోయాయి.

ఈ ఆగడాన్నే నా చర్యా పరిశోధనకు (తన క్లాసులోని సమస్యకు టీచరే ఒక మార్గం ప్రయత్నించి చూడడం) అంశంగా తీసుకున్నాను. సమస్య: ముందు రెండు వరసలే జవాబు చెబుతున్నాయి. ప్రయత్నం: ప్రతి ప్రశ్న తర్వాత ఆగడం, చేతులెత్తినవాళ్లలో చివర లేచిన చేతికి ముందు అవకాశమివ్వడం. హాజరు పట్టీలాంటిది ఒకటి గీసుకుని ఎవరు మాట్లాడితే వాళ్ల పేరు ఎదురుగా గుర్తు పెట్టాను. వెనక బెంచీల గుర్తులు పెరిగాయి. అయితే కొందరు ఆడపిల్లలు చివరిదాకా మాట్లాడలేదు. వాళ్లకు మూడు సెకన్లు చాలలేదు. పక్కవాళ్లతో ముందు గుసగుసగా చెప్పుకోనిస్తే కాస్త నయం అనిపించింది. ఈ పద్ధతితో పాఠం నెమ్మదిస్తుంది, అదీ నిజమే. "ఇట్లా ఆగుతా పోతే సిలబస్ ఎప్పుడైతుందమ్మా?" అని గైడ్ సార్ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆయన ముందు ఫార్మేటివ్ పరీక్ష (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) తేదీ ఉంది, నా ముందు లేదు.

రికార్డుల సంగతి. లెసన్ ప్లాన్లు, కేస్ స్టడీ, పరిశీలన రికార్డు, ప్రశ్నపత్రం, దాని బ్లూప్రింట్. వీటిలో బ్లూప్రింట్ మాత్రం నిజంగా పనికొచ్చేది. ఏ పాఠానికి ఎన్ని మార్కులు, ఏ లక్ష్యానికి ఎంత భారం అని గళ్లలో వేసి చూస్తే, మనం రాసిన పేపర్లో సగానికి సగం బట్టీ ప్రశ్నలేనని బయటపడుతుంది. మిగతావాటిలో ఎక్కువ భాగం సీనియర్ల రికార్డుల నుంచి దిగుతాయి. డబ్బులిస్తే చార్టులు గీసి ఇచ్చేవాళ్లూ దొరుకుతారు. రంగుల చార్టుకు పడే మార్కులు క్లాసులో అడిగిన మంచి ప్రశ్నకు పడవు. ఇది మారాలి.

చివరి ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చారు. వైవాలో హెర్బార్ట్ సోపానాలు అడుగుతారని వల్లె వేసుకుని టెన్షన్‌గా వెళ్లాను. ఆమె నా చర్యా పరిశోధన తెరిచి, మాట్లాడని ఆడపిల్లల గురించే అడిగారు. "వాళ్ల ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అన్నారు. ఇద్దరి ఇళ్లల్లో తమిళం అని చెప్పాను. చిత్తూరు, తిరుపతి పక్క ఇది మామూలే. "మరి రెండు భాషల పుస్తకంలో వాళ్ల భాష ఏదమ్మా?" అన్నారు. ఆ కోణం నాకు తట్టలేదు. దాని మీద ఇంకో పరిశోధన చేయొచ్చు.

ఇప్పుడు టీచరు అర్హత పరీక్ష టెట్‌కు, ప్రభుత్వ టీచరు ఉద్యోగాలకు పెట్టే డీఎస్సీకి చదువుతున్నాను. టెట్‌లో 150కి 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీ (బోధనాశాస్త్రం) ప్రశ్నలవే. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ. అందుకే బీఈడీ నోట్సు ఎవరూ పారేయకండి, జూనియర్లు అడిగినా జిరాక్సే ఇవ్వండి.