టొమహాక్ పట్టిన ఆరు నెలలు

ఆరు నెలలుగా వీడియోలు చూసి టొమహాక్ అనే చిన్న చేతిగొడ్డలితో పోరాటం నేర్చుకుంటున్నాను. చెక్కతో చేసిన ప్రాక్టీస్ గొడ్డలితోనే. అసలుది పట్టుకోవాలని ఇంకా అనిపించలేదు.

మొదట్లో దెబ్బ కొట్టడమే విద్య అనుకున్నాను. కానీ బరువంతా గొడ్డలి తలలో ఉంటుంది కదా, గురి తప్పితే అది చేతిని లాక్కుపోతుంది. ఆ క్షణంలో ఎదుటివాడికి పూర్తిగా దొరికిపోతాం. అందుకే ఇప్పుడు నా సాధన ఎక్కువగా చేయి వెనక్కి తెచ్చుకోవడం మీదే. ఆ ఊపును ఆపకుండా తిప్పి ఇంకో దెబ్బగా మార్చడం కుదిరిన రోజు ఎంత సంతోషమేసిందో! అంచు కింది వంపుతో ఎదుటివాడి మణికట్టును కొక్కెంలా లాగడం నాకు అన్నిటికంటే ఇష్టం.

దూరం మాత్రం వీడియో నేర్పలేదు. మాస్కు, గ్లౌజులు వేసుకుని ఒక స్నేహితుడితో రబ్బరు గొడ్డళ్లతో నెమ్మదిగా మొదలుపెట్టాకే అది అర్థమైంది. మొదటి రోజే వేళ్ల మీద తగిలింది. ఖడ్గానికి ఉన్నట్టు దీని పిడికి చేతిని కాచే అడ్డు ఏదీ ఉండదు.

ఇంకో మాట. ఈ పేరు ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు మూలవాసుల ఆల్గొంక్వియన్ భాషలది. ఇనుప తల యూరప్ వాళ్లతో వ్యాపారం మొదలయ్యాక వచ్చింది. పొగాకు గొట్టం కూడా కలిసి ఉన్నవాటిని సంధి సమయాల్లో కానుకలుగా ఇచ్చేవారు. 1960ల్లో వియత్నాం యుద్ధానికి కొందరు అమెరికన్ సైనికులు కొత్త రకం టొమహాక్ తీసుకెళ్లారు. నేను నేర్చుకుంటున్నది ఇప్పటివాళ్లు కూర్చిన పద్ధతి, ఆ మూలవాసి జాతుల పాత విద్య కాదు. ఆ తేడా దాచకుండా చెప్పే వీడియోలనే చూస్తున్నాను.

వచ్చే వారం ఎడమచేత్తో మొదలుపెడుతున్నాను.