వెండి త్రాసులో టార్చి సెల్స్

సంచికకు ఏదైనా రాయమని మన బ్యాచ్ వాళ్లు అడిగారు. హెడ్‌మాస్టారి బెత్తం గురించీ, గేటు ముందు అమ్మే ఉప్పూకారం జల్లిన మామిడి ముక్కల గురించీ ఎలాగూ అందరూ రాస్తారు. నేను టార్చిలైటు గురించి రాస్తానన్నాను. అదీ బడి సంగతే. తొమ్మిదో తరగతిలో ఫిజిక్స్ సార్ ఇళ్లనుంచి రేకు టార్చీలు తెమ్మని, బల్ల మీద వాటిని విప్పించిన క్లాసు గుర్తుందా? కాసేపు వెలిగించి బల్బు ముట్టుకోమనేవారు. చురుక్కుమనేది. "సెల్లులో ఉన్నదంతా వెలుగైపోతే ఇదెందుకురా కాలుతోంది?" అనేవారు.

ఉద్యోగాల్లో పడ్డాక కూడా చెన్నై జార్జిటౌన్ చుట్టుపక్కలే ఉండిపోయిన కొందరం చలికాలంలో నాగలాపురం కొండలకు వెళ్లి, వాగు పక్కన గుడారం వేసుకునేవాళ్లం. కొన్న టార్చి ఒక్కటీ మాకు నచ్చలేదు. డబ్బా మీద వెలుగు వేల ల్యూమెన్లని రాసుంటుంది. గుడారంలో చెప్పులు వెతుక్కోవడానికి అంత దేనికి? ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్మడం తప్ప. పైగా ఆ నీలం కలిసిన తెల్ల వెలుతురుకు పురుగులన్నీ అన్నం పళ్లెం మీదికే. పాత బల్బులా పసుపు తిరిగిన 3000 కెల్విన్ ఎల్ఈడీ, సన్నగా రాత్రంతా వెలిగే ఒక మెట్టు, మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే సెల్లు. మాకు కావలసింది అంతే. అమ్మేవాళ్ల దగ్గర అదే ఉండదు. అందుకే మేమే చేసుకుందామనుకున్నాం.

ఎలక్ట్రానిక్ సామాన్లకు రిచీ స్ట్రీటుకే పోవాలి. సెల్లు 18650 రకం, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 పొడవు. ఆ సైజులో నిఖార్సైన సెల్లు ఎంత మంచిదైనా అందులో పట్టే చార్జి 3500 ఎంఏహెచ్ దరిదాపుల్లో ఆగుతుంది. అక్కడ ఒక కొట్టులో 9900 అని అచ్చేసినవి చవగ్గా ఇస్తామన్నారు. మనవాడికి సౌకార్‌పేటలో వెండి కొట్టుంది కదా, నమూనాకు ఒక జత పట్టుకెళ్లి పట్టీలు తూచే త్రాసులో పెట్టాం. అసలైనది 45 గ్రాములకు అటూ ఇటూగా తూగాలి. ఇవి ఒక్కోటీ ముప్పై కూడా తూగలేదు. పట్టీలు కొనడానికొచ్చిన ఒక పెద్దావిడ "ఇవేం వెండి నాయనా?" అని అడిగింది. చివరికి పేరున్న కంపెనీవి 3000 ఎంఏహెచ్ సెల్స్ ఎక్కువ ధర పెట్టి తెచ్చుకున్నాం.

ఇక వేడి. పాత బల్బు తన వేడిని వెలుగుతోపాటు ముందుకే వెదజల్లుతుంది. ఎల్ఈడీ అలా కాదు, దాని వేడి వెనకనుంచి లోహంలోకి దిగాలి. పెద్ద వెలుగులో 1.4 ఆంపియర్లు లాగితే నాలుగున్నర వాట్ల దాకా ఖర్చు, అందులో సగానికి పైగా వేడే. ప్లాస్టిక్ గొట్టంలో అతికిస్తే అది బయటికి పోలేక ఎల్ఈడీనే మాడుస్తుంది. అందుకని తల భాగం దిట్టమైన అల్యూమినియం.

అంబత్తూరులో ఒక లేత్ షెడ్డు అన్నను పట్టుకున్నాం. నాలుగైదు పీసులకు మెషీన్ ఆపనని మొదట విసుక్కున్నా, భోజనం టైములో చేసిపెట్టాడు. అల్యూమినియం టూలుకు అంటుకోకుండా కిరసనాయిలు చుక్కలు వేస్తుంటే, తళతళలాడే రజను సేమ్యాలా చుట్టలు చుట్టుకుంటూ రాలింది. గోడ పల్చన చేస్తే బరువు తగ్గుతుందని ఆయన, వద్దని మేము. తల దగ్గర మా మాట, సెల్లు గొట్టం దగ్గర ఆయన మాట నెగ్గాయి. పట్టుకి జారకుండా పైన గరుకు గళ్లు, అదే నర్లింగ్, మాత్రం అడక్కుండానే కొట్టిచ్చాడు.

లోపలి సర్క్యూట్‌లో చెప్పడానికి పెద్దగా లేదు. ఎల్ఈడీకి ఒక్కోటి 350 మిల్లీఆంపియర్లిచ్చే 7135 చిప్పులు నాలుగు, వాటిని ఆడించే చిన్న మైక్రోకంట్రోలర్, 4.2 వోల్టుల దగ్గర చార్జింగ్ ముగించే టీపీ4056 బోర్డు. చిన్న వెలుగు 20 మిల్లీఆంపియర్లే, కాబట్టి లెక్క ప్రకారం 150 గంటలు రావాలి. నాగలాపురంలో గుడారం నడికొప్పుకి తలకిందులుగా వేలాడదీసి, ఆ మెట్టులోనే పేకాట ఆడాం. పెద్ద వెలుగు వాగు దాటేటప్పుడు తప్ప ఎవరూ నొక్కలేదు.

విసిగించింది ఒక్క చార్జింగ్ పెట్టే టైప్-సీ సాకెట్టే. కొన్ని చవక బోర్డుల మీద రెండు 5.1 కిలోఓమ్ రెసిస్టర్లు ఎగ్గొడతారు. అవి లేకపోతే రెండు కొసలా టైప్-సీ ఉన్న కేబుల్‌తో చార్జరు కరెంటే ఇవ్వదు, పాత యూఎస్‌బీ కేబుల్‌తో అయితే ఎక్కుతుంది. ఆవగింజంత రెసిస్టర్లని భూతద్దం కింద సోల్డర్ చేయడానికి మళ్లీ వెండి కొట్టువాడి చేతులే దిక్కయ్యాయి.

డ్రాయింగులు నా దగ్గరున్నాయి, ఎవరడిగినా ఇస్తాను. వచ్చే డిసెంబరులో అటవీ శాఖ అనుమతి దొరికితే మళ్లీ వెళ్దామనుకుంటున్నాం. కొత్తగా చేరేవాళ్లకు టార్చి గొట్టం మేమిస్తాం. సెల్లు మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోండి, తూచి మరీ తెచ్చుకోండి.